ఆటవస్తువులు – పసిపిల్లల సంభాషణ

మాటలు ఇంకా రాని పిల్లలు, ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు, ఏదో కారణంతో మాట ఆలస్యమైన పిల్లలు తమ మనసులోది ఎదుటివాళ్లకు తెలిపేలా వస్తువుల ద్వారా, ఆటల ద్వారా ప్రోత్సహించే పద్ధతులు ఈ వ్యాసానికి విషయం. సంభాషణ అన్నప్పుడు ఇక్కడ చూపు, నవ్వు, సైగ, వేలు చూపడం, వస్తువు అందించడం, గొంతుతో చేసే చప్పుడు అన్నీ లెక్కలోకి వస్తాయి. మాట వీటన్నిటి తరువాత, వీటి మీద నిలబడి వస్తుంది. మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, శిశువిద్య, స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్య ఈ విషయాన్ని వేర్వేరు దారుల్లో పరిశీలించాయి. వాటి మధ్య వాదాలు చాలానే ఉన్నా, ఒకచోట అన్నీ కలుస్తాయి: ఏ బొమ్మా తనంతట తాను మాట నేర్పదు. బిడ్డా పెద్దా కలిసి దాన్ని చూసినప్పుడు, దాని చుట్టూ ఇద్దరికీ వంతులు ఏర్పడినప్పుడు, పెద్దవాళ్లు బిడ్డ వంతు కోసం ఆగినప్పుడు మాత్రమే దానివల్ల ఫలితం కనిపిస్తుంది.

ఇద్దరు మనుషులు, ఒక వస్తువు

మొదటి నాలుగైదు నెలలు బిడ్డకు మనుషుల ముఖాలే లోకం. చేతులు చాచి అందుకోవడం వచ్చాక, ఆరో నెల ప్రాంతంలో, ధ్యాస వస్తువుల మీదికి మళ్లుతుంది. చేతిలో గరిటె ఉంటే ఎదురుగా ఉన్న అమ్మ కూడా కాసేపు గుర్తుండదు. తొమ్మిదో నెల దాటుతుండగా ఈ రెండూ కలుస్తాయి. బిడ్డ గరిటెను చూస్తుంది, తల ఎత్తి అమ్మను చూస్తుంది, మళ్లీ గరిటెను చూస్తుంది. ‘నేను చూస్తున్నది నువ్వూ చూస్తున్నావా?’ అని అడిగినట్టే ఉంటుంది ఆ చూపు. దీన్ని ఉమ్మడి ధ్యాస అంటారు. పెద్దవాళ్లు ఎటు చూస్తే పసిబిడ్డలు కూడా అటు చూపు తిప్పుతారని మైకేల్ స్కేఫ్, జెరోమ్ బ్రూనర్ 1975లో ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ చిన్న పరిశోధన పెద్ద రంగానికి తలుపు తీసింది.

అదే ఏడాది ఎలిజబెత్ బేట్స్, లుయీజా కమయోని, వర్జీనియా వోల్తెర్రా రోమ్‌లో ముగ్గురు ఆడపిల్లలను దగ్గరగా గమనించి రాసిన వ్యాసం వేలు చూపడంలో రెండు రకాలున్నాయని వివరించింది. ఒకటి ‘అది నాకివ్వు’ అనడానికి. రెండోది ‘అదుగో చూడు’ అనడానికి. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మొదటిదానిలో బిడ్డకు కావలసింది వస్తువు, రెండోదానిలో ఎదుటి మనిషి ధ్యాస. చెట్టు మీద కాకిని చూపించే బిడ్డ కాకిని తెచ్చిపెట్టమని అడగడం లేదు. తన ఆశ్చర్యంలో అమ్మకు వాటా ఇస్తోంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మొదటి రకం వచ్చినా రెండోది ఆలస్యం కావడమో, అరుదుగా కనిపించడమో వైద్యులు గమనిస్తారు. అందుకే ఏడాది, ఏడాదిన్నర పిల్లల పరీక్షలో ‘బిడ్డ మీకేమైనా చూపిస్తుందా?’ అనే ప్రశ్నకు అంత విలువ.

బ్రూనర్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా తల్లీబిడ్డల ఆటలను నెలల తరబడి రికార్డు చేశాడు. వాటిలో ముఖ్యమైనది మన ఇళ్లలో కొంగు చాటునా తలుపు చాటునా ఆడే దోబూచులాటే. ఇంకొకటి గరాటులాంటి గొట్టంలోకి దూరి మాయమై, మళ్లీ పైకి వచ్చే విదూషకుడి బొమ్మతో ఆడేది. మొదట్లో ఆటంతా తల్లిదే. కొన్ని వారాలకు బొమ్మ పైకి రాబోయే క్షణాన్ని బిడ్డ ముందే పసిగట్టి కేరింత కొడుతుంది. ఇంకొన్నాళ్లకు బొమ్మను తానే దాస్తుంది, తానే తీస్తుంది, తల్లి అనే మాటను తన గొంతులో తానూ అంటుంది. ఆట వరస మారదు కాబట్టి ఏ మాట ఎక్కడ పడుతుందో బిడ్డకు ముందే తెలుస్తుంది. ఆ ఖాళీలో తన గొంతు పెట్టడం సులువవుతుంది. 1983లో వచ్చిన ‘చైల్డ్స్ టాక్’ పుస్తకంలో బ్రూనర్ ఈ వాదాన్ని విస్తరించాడు. భాష నేర్చుకునే శక్తి బిడ్డలో పుట్టుకతోనే ఉన్నా, దానికి బయటి నుంచి ఆసరాగా నిలిచే ఏర్పాటు ఇటువంటి ఆటల్లోనే ఉందన్నాడు.

మైకేల్ టొమసెల్లో, మైకేల్ జెఫ్రీ ఫరార్ 1986లో ప్రచురించిన పరిశోధనలో ఇంటివాళ్లకు నేరుగా పనికొచ్చే సంగతి ఒకటుంది. బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెబితే ఆ పేరు బాగా పట్టుబడింది. బిడ్డ ధ్యాసను మరో వస్తువు మీదికి లాగి పేరు చెబితే అంతగా పట్టుబడలేదు. బిడ్డ చెంబు మూతతో ఆడుకుంటుంటే, మనం ఏనుగు బొమ్మ పట్టుకొచ్చి ‘ఇదిగో ఏనుగు, ఏనుగు అను’ అనడం వృథా ప్రయాస. ఆ క్షణంలో ఆ బిడ్డకు కావలసిన మాట ‘మూత’. ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యూ, లిండా స్మిత్ పిల్లల నుదుటికి చిన్న కెమెరాలు కట్టి ఇదే సంగతిని బిడ్డ కంటితో చూశారు. 2012లో వచ్చిన వారి ఫలితాల ప్రకారం, వస్తువు బిడ్డ చూపులో పెద్దగా, నడిమధ్యలో ఉన్న క్షణంలో పేరు వినిపిస్తే అది నిలిచింది. చాలాసార్లు అలా కనిపించేది బిడ్డ తన చేత్తో పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నప్పుడే. నేర్చుకోవలసిన వస్తువు ఏదో బిడ్డ చేతులే ఎంచి పెడుతున్నాయన్నమాట.

సైగ మాటకు అడ్డం వస్తుందన్న భయం కొందరిలో ఉంది. జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో ప్రచురించిన పరిశోధన దానికి జవాబు చెప్పింది. నాన్న చెప్పును వేలితో చూపిస్తూ ‘నాన్న’ అనే బిడ్డ అప్పటికే రెండు భావాలను కలిపేసింది. ‘నాన్న చెప్పు’ అని రెండు మాటలు కలపడం దాని తరువాతి మెట్టు. పది మంది పిల్లలను వెంబడించిన ఆ పరిశోధనలో సైగా మాటా ముందుగా కలిపినవాళ్లే రెండు మాటలనూ ముందుగా కలిపారు.

ఉత్తుత్తి ఆట

ఏడాది నిండే ప్రాంతంలో బిడ్డ ఖాళీ గ్లాసు నోటికి ఆనించి తాగినట్టు నటిస్తుంది. ఏడాదిన్నరకు అదే గ్లాసు బొమ్మ నోటికి ఆనిస్తుంది. రెండేళ్ల ప్రాంతంలో అగ్గిపెట్టె బస్సవుతుంది, చీపురు పుల్ల ఇంజెక్షన్ సూది అవుతుంది. ఆ తరువాత ఒక్క పనితో ఆగక వరస కడుతుంది: బియ్యం కడగడం, పొయ్యి మీద పెట్టడం, వడ్డించడం, ‘వేడి, వేడి’ అని ఊదడం.

జీన్ పియాజే 1945లో వెలువరించిన గ్రంథంలో ఈ మార్పును ప్రతీకలతో ఆలోచించే శక్తిలో భాగంగా చూశాడు. ఒక వస్తువు మరొకదానికి బదులు నిలవగలదని తెలియడమూ, ఒక శబ్దం ఒక వస్తువుకు బదులు నిలవగలదని తెలియడమూ ఒకే మూలం నుంచి వస్తాయని అతని వాదం. అంతకు 12 ఏళ్ల ముందే, 1933లో, లెవ్ వీగోత్స్కీ లెనిన్‌గ్రాడ్‌లో ఇచ్చిన ఉపన్యాసం ఇదే విషయాన్ని మరో వైపు నుంచి పట్టుకుంది. కర్రను గుర్రం చేసుకున్న పిల్లవాడి ఉదాహరణ అందులోదే. పసివాడికి వస్తువూ దాని అర్థమూ విడదీయరానివి. ‘గుర్రం’ అనే అర్థాన్ని నిజమైన గుర్రం నుంచి విడదీయాలంటే దాన్ని తగిలించడానికి మరో వస్తువు కావాలి. కాళ్ల మధ్య పెట్టుకుని ఎక్కడానికి వీలైన కర్ర కావాలి. అందుకే అగ్గిపుల్ల గుర్రం కాలేదు. ఈ ఉపన్యాసం 1966 దాకా అచ్చు కాలేదు. అచ్చయ్యాక ఆట గురించి ఆలోచించే తీరే మారింది.

తెలుగు ఇళ్లలో ఈ ఆటకు తరతరాలుగా ఉన్న సామగ్రి లక్కపిడతలు. చిన్న పొయ్యి, గుండిగ, గరిటె, తిరగలి, రోలు వంటివి చెక్కతో చేసి లక్క రంగు పూసిన సెట్టు అది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తరిణి పట్టి, మొక్కల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కతో ఇప్పటికీ వీటిని చేస్తున్నారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంభాషణ కోణంలో లక్కపిడతల విలువ చాలా ఎక్కువ. ఇంట్లో బిడ్డ రోజూ చూసే వరస అందులో ఉంది, అమ్మమ్మకూ తెలిసిన వరస, పక్కింటి పిల్లకూ తెలిసిన వరస. ఆడేవాళ్లందరికీ కథ ముందే తెలుసు కాబట్టి ‘కొంచెం ఉప్పు వెయ్యి’, ‘నాకు పెట్టలేదు’, ‘ఇంకా ఉడకలేదు’ వంటి మాటలు తమంతట తామే పుట్టుకొస్తాయి. బిడ్డ నోట వచ్చే క్రియాపదాల్లో ఎన్నో, ఇవ్వు, తే, తియ్యి, పెట్టు, పొయ్యి, వెయ్యి, ఈ ఒక్క ఆటలోనే దొర్లిపోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉత్తుత్తి ఆట బాగా ఆడే పిల్లలకు భాష కూడా బాగా ఉంటుందని చాలా పరిశోధనలు చూపాయి. కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనలేం. ఏంజెలిన్ లిలార్డ్ బృందం 2013లో అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నిటినీ సమీక్షించి, ఆటే వికాసానికి కారణమని బల్లగుద్ది చెప్పేంత రుజువు లేదని తేల్చింది. ఆ సమీక్ష ఆట మీద విశ్వాసమున్న చాలామందికి నచ్చలేదు. అయినా అది చేసిన మేలు ఉంది: ఆటలో పనిచేస్తున్నది నటనా, పెద్దవాళ్ల తోడా, మాటల మార్పిడా అని విడదీసి అడగడం నేర్పింది. ఇలా విడదీసి చేసిన ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కోనీ కసారి బృందానిది. ఆటిజం ఉన్న 58 మంది మూడు, నాలుగేళ్ల పిల్లలను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు ఉమ్మడి ధ్యాసలో, ఒక జట్టుకు ప్రతీకాత్మక ఆటలో ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. 2006లో తొలి ఫలితాలు వచ్చాయి. ఏడాది తరువాత చూస్తే ఆ రెండు జట్ల పిల్లల భాష మూడో జట్టుకన్నా ఎక్కువగా ఎదిగింది.

ఎటువంటి వస్తువులు?

ఖరీదుకూ ఉపయోగానికీ సంబంధం లేదు. బ్రిటన్‌కు చెందిన శిశువిద్యా నిపుణురాలు ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ పాకడం రాని, కూర్చోగలిగిన పిల్లల ముందు ఒక లోతు తక్కువ బుట్టలో ఇంటి వస్తువులు పోసి పెట్టే పద్ధతిని ప్రచారం చేసింది. చెక్క గరిటె, లోహపు గిన్నె, బ్రష్షు, తోలు పర్సు, నిమ్మపండు, గుడ్డముక్క, ఇలా బరువు, వాసన, చల్లదనం, చప్పుడు వేర్వేరుగా ఉన్నవి. ప్లాస్టిక్ బొమ్మలన్నీ నోటికి ఒకే రుచి, చేతికి ఒకే నునుపు. మన వంటింటి అడుగు అరలో ఈ బుట్ట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

అన్నా సోసా అరిజోనాలో 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 తల్లిదండ్రుల–బిడ్డల జంటలను వాళ్ల ఇళ్లలోనే రికార్డు చేసి చూసింది. బ్యాటరీతో పాడే, మాట్లాడే బొమ్మలతో ఆడేటప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 40 మాటలు, మామూలు బొమ్మలతో 56, పుస్తకాలతో 67 మాట్లాడారు. బొమ్మ మాట్లాడుతుంటే మనిషి నోరు మూసుకుంటాడు. బిడ్డ చేసే చప్పుళ్లు కూడా ఆ బొమ్మలతోనే తగ్గాయి. పెట్టె మీద ‘భాష నేర్పుతుంది’ అని రాసి అమ్మే బొమ్మల విషయంలో తల్లిదండ్రులకు ఇది చెప్పి తీరాలి.

బొమ్మల సంఖ్య కూడా తక్కువైతేనే నయం. టొలీడో విశ్వవిద్యాలయంలో 36 మంది చిన్నపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, మరోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. 2018లో వచ్చిన ఈ ఫలితం పాటించడానికి పైసా ఖర్చు లేదు: బొమ్మలు సగం అటక మీద పెట్టి, వారానికోసారి మార్చడమే.

భద్రత గురించి సందేహం పనికిరాదు. మూడేళ్లలోపు పిల్లలకు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పట్టే వస్తువేదీ ఇవ్వకూడదన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలత. మన ఆటల్లోని చింతపిక్కలు, గవ్వలు, గురివింద గింజలు ఈ వయసుకు ప్రమాదం. గురివింద విషం కూడా. బటన్ బ్యాటరీలు, పగిలిన బెలూన్ ముక్కలు ప్రాణాంతకం. భారతదేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి.

బిడ్డ అడిగేలా చేయడం

అన్నీ అడగకముందే అందే ఇంట్లో బిడ్డకు అడగాల్సిన పని పడదు. ఉమ్మడి కుటుంబాల్లో, ఒక్కగానొక్క మనవడున్న ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. కళ్లెత్తితే నీళ్లు, చెయ్యెత్తితే బిస్కెట్. ప్రేమతో చేసేదే, అయితే సంభాషణకు చోటు మిగలదు. ఆమీ వెదర్బీ, బారీ ప్రిజాంట్ 1989లో చెప్పిన పద్ధతి దీనికి విరుగుడు. బిడ్డకు ఇష్టమైనదాన్ని కళ్లకు కనిపించేలా, చేతికి అందకుండా ఉంచి, ఏదో ఒక రకంగా అడిగేదాకా ఆగడం. పారదర్శకమైన సీసాలో బిస్కెట్ పెట్టి మూత గట్టిగా బిగించి చేతికివ్వడం. కీ ఇస్తే తిరిగే బొమ్మను తిప్పి, ఆగిపోయాక ఊరుకోవడం. సబ్బు బుడగలు నాలుగు ఊది సీసా మూతపెట్టి బిడ్డ చేతికివ్వడం. బెలూన్ ఊది ముడి వేయకుండా వదిలి, ఖాళీ బెలూన్‌ను బిడ్డకు అందించడం (పెద్దవాళ్లు పక్కనే ఉండాలి). ఊయల ఊపి మధ్యలో పట్టి ఆపడం.

ఆగిన తరువాత ఏం చేయాలన్నదే అసలు నేర్పు. బిడ్డ మన చేతిని సీసా వైపు లాగవచ్చు, ‘ఊ’ అనవచ్చు, కళ్లలోకి చూడవచ్చు. వీటిలో ఏదైనా జవాబే. వెంటనే మూత తీయాలి, తీస్తూ ఆ పనికి మాట జత చేయాలి: ‘తియ్యి! తీశా!’ ఇచ్చే ముందు ‘బిస్కెట్ అను, అంటేనే ఇస్తా’ అని పట్టుబట్టడం ఈ పద్ధతిని చెడగొడుతుంది. అడిగే ధైర్యం చేసిన బిడ్డకు అది శిక్షలా తగులుతుంది. మన ఇళ్లలో మరో అలవాటు ఇంతకన్నా ఎక్కువ: చుట్టాలొస్తే బిడ్డను ముందు నిలబెట్టి ‘ఇదేంటి? కాకి ఎలా అరుస్తుంది? అత్తకి చెప్పు’ అని వరసగా ప్రశ్నలు. పరీక్ష పెట్టినవాళ్లతో ఎవరూ కబుర్లు చెప్పరు, పసివాళ్లు అసలే చెప్పరు. ప్రశ్న వేయడానికి బదులు చూసినదాన్ని పైకి అనడం మేలు. ‘ఇదేంటి?’ అనే చోట ‘అబ్బ, ఎంత పెద్ద బస్సో!’ అని ఆగితే బిడ్డకు తన మాట కలపడానికి చోటు దొరుకుతుంది.

1975లో మాంట్రియల్‌లో మొదలైన హానెన్ కార్యక్రమం తల్లిదండ్రులకే ఈ నేర్పు అలవరచాలని పూనుకుంది. గమనించడం, ఆగడం, వినడం అనే మూడు పనులు దాని సారం. పది అంకెలు మనసులో లెక్కపెట్టుకుంటూ ఆగడం చదవడానికి తేలిక. నిజంగా ఒక పసిబిడ్డ ఎదుట చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

తెలుగులో ఈ పనికి అందివచ్చే గొప్ప సంపద ధ్వన్యనుకరణ పదాలు. నీళ్లలో రాయి ‘బుడుంగ్’, గాజులు ‘గలగల’, తలుపు ‘ధన్’, బండి ‘టకటక’. వీటిలో చాలావరకు అక్షరాలు రెట్టిస్తాయి, తొలినాళ్ల నోటికి అవి సులువు. బిడ్డ వాటిని తప్పుగా పలికినా ఆట చెడదు. గుడుగుడు గుంచం వంటి ఆటల్లో పిడికిలి మీద పిడికిలి పేర్చి తన వంతు కోసం ఎదురుచూడడం ఉంది. తారంగం ఆటలో చేతుల కదలిక మాట లయతో కలుస్తుంది. థెరపీ గదుల్లో వంతులు నేర్పడానికి కొత్త ఆటలు వెతుక్కునేవాళ్లు వీటిని ముందు వాడుకోవాలి.

వస్తువే మాట అయినప్పుడు

చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల చదువు ఈ విషయానికి అన్నిటికన్నా లోతైన పాఠశాల. 1887 మార్చిలో ఆన్ సలివన్ అలబామాలోని టస్కంబియాకు వచ్చి, ఏడేళ్లు కూడా నిండని హెలెన్ కెల్లర్ చేతిలో ఒక బొమ్మ పెట్టి, అరచేతిలో ఆ మాట అక్షరాలు వేళ్లతో రాసింది. హెలెన్ ఆ కదలికను అనుకరించింది, అర్థం మాత్రం అందలేదు. నెల తరువాత పంపు దగ్గర ఒక చేతి మీద నీళ్లు పడుతుండగా రెండో చేతిలో ఆ మాట రాసినప్పుడు అందింది. అనుభవమూ గుర్తూ ఒకే క్షణంలో కలిశాయి.

నెదర్లాండ్స్‌లోని సింట్-మిషిల్స్‌గెస్టెల్‌లో జాన్ వాన్ డైక్ 1960ల్లో, తల్లి గర్భంలో ఉండగా రుబెల్లా సోకి చూపూ వినికిడీ దెబ్బతిన్న పిల్లలతో పనిచేస్తూ ఒక పద్ధతిని తీర్చిదిద్దాడు. సైగ కూడా అందని పిల్లలకు వస్తువునే సంకేతంగా ఇవ్వడం అది. భోజనానికి ముందు ప్రతిసారీ అదే చెంచా చేతిలో పెడతారు. స్నానానికి ముందు అదే తువ్వాలు ముక్క. బయటికెళ్లే ముందు చెప్పు. పని జరిగిపోయాక ఆ వస్తువును ‘అయిపోయింది’ డబ్బాలో బిడ్డ చేతే వేయిస్తారు. కొన్ని నెలలకు చెంచా తాకగానే బిడ్డ నోరు తెరుస్తుంది. ఇంకొన్ని నెలలకు ఆకలైనప్పుడు తానే చెంచా తెచ్చి ఇస్తుంది. ఆ రోజున చెంచా మాట అయింది. తరువాత రోజంతటి పనుల వస్తువులను వరసగా అరల్లో పెట్టి, ఏది ముందు ఏది వెనక అన్నది తడిమి తెలుసుకునేలా చేస్తారు. మెల్లగా వస్తువుకు బదులు దాని ముక్కను అట్ట మీద అతికించడం, ఆపై ఇంకా సంక్షిప్తమైన గుర్తులు.

ఈ పనిలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: చిన్న బొమ్మలను గుర్తులుగా ఎంచుకోవడం. ప్రయాణానికి గుర్తుగా బొమ్మ కారు ఇస్తారు. చూపు లేని బిడ్డ అరచేతికి ఆ ప్లాస్టిక్ ముక్కకూ తను కూర్చునే కారుకూ ఏ పోలికా తెలియదు. ఆ బిడ్డకు కారు అంటే గుండె మీదుగా వచ్చే బెల్టు. కాబట్టి బెల్టు ముక్కే ఆ మాట. గుర్తును ఎంచవలసింది పెద్దవాళ్ల కంటితో కాక బిడ్డ వేళ్లతో. భారతదేశంలో ఈ పిల్లల కోసం 1997 నుంచి అహ్మదాబాద్ కేంద్రంగా సెన్స్ ఇంటర్నేషనల్ ఇండియా పనిచేస్తోంది.

ఇచ్చిపుచ్చుకోవడం అనే అదే సూత్రం మీద ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో డెలవేర్‌లో బొమ్మకార్డుల పద్ధతిని రూపొందించారు. ఆటిజం ఉండి మాట రాని బిడ్డ తనకు కావలసినదాని బొమ్మకార్డును ఎదుటి మనిషి చేతిలో పెడితే ఆ వస్తువు అందుతుంది. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి: ఒకరు ఎదురుగా, చేయి చాచి, మరొకరు వెనక, బిడ్డ చేతికి సాయంగా, నోరు మెదపకుండా. కార్డు వాడితే మాట రాదేమోనని తల్లిదండ్రులు భయపడతారు. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలు ఆ భయానికి ఆధారం చూపలేదు. కొందరు పిల్లల్లో మాట మెరుగైంది కూడా.

బడులు, పథకాలు

ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో బడి పెట్టి, ఉన్నితో అల్లిన బంతితో మొదలయ్యే ఆటవస్తువుల వరసను రూపొందించాడు. మరియా మాంటిస్సోరి రోమ్‌లో 1907 జనవరి 6న తెరిచిన బడిలో పేర్లు నేర్పడానికి మూడు మెట్ల పద్ధతిని ఫ్రెంచి వైద్యుడు సెగాన్ నుంచి తీసుకుని వాడింది: పేరు చెప్పడం, పేరు చెబితే వస్తువు చూపమనడం, చివరగా వస్తువు చూపి పేరు అడగడం. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఖరీదైన పరికరాలను వదిలి గింజలు, ఆకులు, మట్టితో బోర్డీ, కోస్‌బాడ్ గ్రామాల పిల్లల ముందుకు వెళ్లింది. పేద దేశానికి సరిపడే శిశువిద్య ఎలా ఉండాలో ఆమె పని చెప్పినంతగా మరేదీ చెప్పలేదు.

జమైకా అనుభవం దీనికి బలమైన సాక్ష్యం. 1986–87లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల కుంటుపడిన, 9 నుంచి 24 నెలల వయసున్న 129 మంది పిల్లలను ఎంచుకుంది. కొందరికి పోషకాహారం, కొందరికి ఆట, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఆట జట్టులోని ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్త రెండేళ్లపాటు వారానికోసారి వెళ్లి, ఒక గంటసేపు తల్లితో కలిసి బిడ్డతో ఆడేది. బొమ్మలు చాలావరకు పారేసే డబ్బాలు, సీసాలతో చేసినవి. ఒక వారం ఇచ్చినవి తరువాతి వారం తీసుకుని వేరేవి ఇచ్చేవారు. ఆ కార్యకర్త పని బిడ్డకు నేర్పడం కన్నా, తల్లికి బిడ్డతో మాట కలపడం అలవాటు చేయడం. 20 ఏళ్ల తరువాత చూస్తే, ఆటలో పాల్గొన్న పిల్లలు పెద్దవాళ్లై, పాల్గొననివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో ప్రచురించారు. ఇదే నమూనాను ఒడిశాలోని కటక్ బస్తీల్లో అమలు చేసి పరీక్షించినప్పుడూ పిల్లల ఆలోచనాశక్తిలో మెరుగు కనిపించింది.

1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం వల్ల దాదాపు ప్రతి ఊళ్లోనూ అంగన్‌వాడీ ఉంది. ఆట ద్వారా విద్యను 2020 జాతీయ విద్యావిధానం గట్టిగా చెప్పింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. 3–8 ఏళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరి 20న ‘జాదూయీ పిటారా’ అనే బొమ్మల పెట్టెను విడుదల చేసింది. పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు చేయించవలసిన ఆటపాటలతో ‘నవచేతన’ మార్గదర్శిని 2024లో వచ్చింది. బొమ్మలు చేరడం మొదటి మెట్టు. పోషణ లెక్కలు, రిజిస్టర్లు, సర్వేలతో తలమునకలైన అంగన్‌వాడీ టీచర్‌కు ఒక బిడ్డ ఎదురుగా కూర్చుని పది నిమిషాలు ఆగే వెసులుబాటు ఇవ్వకపోతే పెట్టెలు అలమారాల్లోనే ఉండిపోతాయి.

ఇంటింటి తీరు

తల్లి బిడ్డ ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడడం లోకమంతటా ఉన్న ఆచారం కాదు. బార్బరా రోగాఫ్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో గ్వాటెమాలా, టర్కీ, అమెరికాలతో పాటు రాజస్థాన్‌లోని ఢోల్-కీ-పట్టీ అనే ఊరూ ఉంది. నాలుగు చోట్లా పిల్లలకు కొత్త వస్తువులిచ్చి పెద్దవాళ్లతో ఎలా మెలుగుతారో చూశారు. టర్కీ, అమెరికా నగరాల్లో తల్లులు మాటలతో పాఠం చెప్పినట్టు నడిపించారు. ఢోల్-కీ-పట్టీలో, గ్వాటెమాలా ఊళ్లో పెద్దవాళ్లు బిడ్డను తన మానాన చేయనిచ్చి, చూపుతో, స్పర్శతో, భంగిమతో సాయపడ్డారు. అదే సమయంలో ఇతరులతోనూ మాట్లాడుతూనే ఉన్నారు. ఇది లోపమని అనుకోకూడదు. తెలుగు పల్లెల్లో బిడ్డ ఎక్కువ మాటలు నేర్చేది అక్క చంకన, నానమ్మ ఒడిలో, వేరుశనగ కాయలు వొలిచే చోట. అక్కడ వస్తువు బొమ్మ కాదు, పనిముట్టు. చేటలో చెయ్యి పెట్టే బిడ్డకు నాలుగు కాయలిచ్చి ‘ఇందులో వెయ్యి’ అనే నానమ్మ పైన చెప్పిన పద్ధతులన్నీ పాటిస్తున్నట్టే.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు మాట ఆలస్యమైన బిడ్డతో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమనే సలహా ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తల్లి తనకు బాగా రాని భాషలో ఆడబోతే ఆటలోని లయే పోతుంది. వీడియోకాల్‌లో మాట్లాడే తాతలకూ అమ్మమ్మలకూ ఒక శుభవార్త ఉంది. సారా రోజ్‌బెరీ, కాథీ హర్ష్-పాసెక్, రొబర్టా గోలింకాఫ్ 2014లో చూపినదాని ప్రకారం 24–30 నెలల పిల్లలు ముందుగా రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియాపదాలు నేర్చుకోలేదు. ప్రత్యక్ష వీడియోకాల్‌లో, ఎదురుగా మనిషి ఉన్నప్పటిలాగే నేర్చుకున్నారు. తెర అవతలి మనిషి తమ చర్యకు స్పందించడమే తేడా. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ వినిపించి పట్రీషియా కుల్ 2003లో తేల్చిందీ ఇదే: ఆడుతూ మాట్లాడిన మనిషి దగ్గర ఆ భాష ధ్వనులు పట్టుబడ్డాయి, టీవీలో అదే మనిషి దగ్గర పట్టుబడలేదు. కాబట్టి విజయవాడలోని అమ్మమ్మ డాలస్‌లోని మనవరాలికి కెమెరా ముందు గిన్నె బోర్లించి ‘ఏదీ? ఎక్కడ పోయింది?’ అని ఆడే ఆట వృథా పోదు.

ఆలస్యం కనిపిస్తే

12 నెలలకు వేలు చూపడం, టాటా చెప్పడం వంటి సైగలేవీ లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే ఆగకుండా చూపించాలి. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అనే ఓదార్పు విలువైన నెలలను తినేస్తుంది. మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. ఎందుకంటే బొమ్మలతో చక్కగా ఆడుతూ, కళ్లలోకి చూసి నవ్వుతూ ఉన్న బిడ్డకు వినికిడి లోపం ఉందని ఇంట్లోవాళ్లు ఏడాది దాటినా కనిపెట్టలేకపోవచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ, మైసూరులో 1965లో నెలకొన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పరీక్షలతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తాయి. వెళ్లేటప్పుడు బిడ్డ ఇంట్లో నిజంగా ఆడుకునే వస్తువు ఒకటి, అది పాత టార్చిలైటైనా సరే, వెంట తీసుకెళ్లడం మంచిది. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు, బిడ్డ ఏం చెప్పగలదో థెరపిస్టుకు ముందుగా చూపించేది ఆ వస్తువే.